కుర్చీ సరే, దాని తోకలు కూడా మొయ్యాలా?

రెండుచక్రాలు (విజయనగరం):
కిలోకి కాస్త తక్కువ తూగే మడత కుర్చీ ఒకటి కొన్నాను. అల్యూమినియం గొట్టాలు, లోపల సాగే తాడు, పైన గుడ్డ తొడిగితే అయిపోయింది. ఇప్పుడు అమ్మినవాళ్ళే ఊరిస్తున్నారు: కాళ్ళ కింద పట్టా, కాళ్ళకి తొడిగే బంతులు, కప్పు పెట్టుకునే సంచి, తలదిండు, గొడుగు, తగిలించే లైటు. అన్నీ కొంటే ఇంకో కుర్చీ మోసినట్టే. వచ్చే వారం కళింగపట్నం బీచ్, తర్వాత తాటిపూడి జలాశయం, శివరాత్రికి మహేంద్రగిరి కొండ. వెళ్ళేది బైకు మీద. వీటిలో ఏవి పనికొస్తాయి?

ఉద్దానం_గుంటడు:
బాబూ, నీ కుర్చీకీ ఇసకకీ పడదు. మొన్న బారువలో మా బావ కూకున్నాడో లేదో, ఎనక కాళ్ళు రెండూ దిగబడిపోయి ఎల్లకిలా పడీసాడు. టీ మొత్తం మొకం మీదే. పట్టా కొనక్కర్లేదు. రెండు కొబ్బరి బొండాలు తాగీసి, చెరో రెండు చెక్కలు చేయించు. నాలుగు కాళ్ళూ నాలుగు చెక్కల్లో పెట్టీ. మోసుకెళ్ళక్కర్లేదు, మోసుకురానక్కర్లేదు.

గోస్తని73:
లెక్క వేస్తే గుంటడు చెప్పింది నిజమే. కుర్చీ కాలి అడుగు 2.5 సెం.మీ. వెడల్పు అనుకోండి, వైశాల్యం సుమారు 5 చదరపు సెం.మీ., నాలుగూ కలిపి 20. మనిషి 75 కిలోలైతే చదరపు సెం.మీ.కి పావు తక్కువ నాలుగు కిలోలు. వెనక్కి వాలితే వెనక కాళ్ళ మీద ఇంకా ఎక్కువ. 12 సెం.మీ. వెడల్పున్న బొండం చెక్క పెడితే అదే బరువు ఇరవై రెట్లకు పైగా పలచబడుతుంది.

కానీ చెక్క లోపలి తడికి కాలు జారుతుంది, ఒకటి ఒరిగిందంటే బావగారి గతే. పట్టాకి నాలుగు మూలలా జేబులుంటాయి. బరువు పరుచుకోవడం ఒకటి, కాళ్ళు బయటికి చీలకుండా పట్టి ఉంచడం ఇంకొకటి. నా అనుభవంలో ఆ రెండోదే ముఖ్యం. తాటిపూడిలో నీళ్ళు వెనక్కి తగ్గిన చోట పైన ఎండినట్టు కనిపిస్తుంది, అడుగున బురదే. అక్కడ బొండాలు ఎక్కడ వెతుక్కుంటారు? టెన్నిస్ బంతులు కోసి తొడిగి చూశాను. దిగబడడం తగ్గింది గానీ బురదంతా బంతుల్లోనే ఇంటికొచ్చింది.

కొండదారి:
మహేంద్రగిరి 1,501 మీటర్లు. శివరాత్రి రాత్రి పైన గాలి ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకే తెలుసు. ఈ కుర్చీల్లో చలి కింద నుంచి కొడుతుంది. గుడ్డ గాల్లో వేలాడుతుంది కదా, నడుం కింద నుంచి గాలి పోతూనే ఉంటుంది. దీనికి వెచ్చటి పరుపు అని విడిగా అమ్ముతారు. పడుకోడానికి ఎలాగూ ఫోమ్ చాప పట్టుకెళ్తాం, దాన్నే రెండు మడతలేసి వెన్ను కిందికి లాక్కుంటే సరిపోతుంది. నిజానికి కొండెక్కేటప్పుడు కుర్చీ కూడా ఎక్కువే, కానీ మోకాళ్ళు నావి కాబట్టి మోశాను.

సరుగుడుతోట:
నేను తలదిండు పక్షం. కానీ కొనకండి. కుర్చీ విప్పాక ఖాళీగా పడుండే దాని సంచిలోనే తువ్వాలు కుక్కి, మూతి తాడుతో వెనక కట్టుకుంటే అదే దిండు.

గొడుగు మాత్రం వద్దు. సముద్రపు గాలికి తెరచాప అయిపోతుంది. అసలు గొడుగు లేకుండానే, మీరు లేస్తే కుర్చీ దొర్లిపోతుంది. లేచేముందు నీళ్ళ సీసా అందులో పడేయండి.

ఇక లైటు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు వస్తాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు సముద్రం మీది వెలుతురును బట్టి నీళ్ళవైపు వెళ్తాయి. ఒడ్డున మీ లైటు వెలిగితే అటే పాకుతాయి. ఆ సీజన్లో బారువ వైపు వెళ్తే అది ఇంట్లోనే పెట్టి రండి.

ఎవరూ చెప్పనిది ఇంకోటుంది: పాత టూత్‌బ్రష్. గొట్టాల అతుకుల్లో ఇసుక రేణువులు ఇరుక్కుంటే ఊడదీయడం మీ తరం కాదు. మంచినీళ్ళతో కడిగి, అతుకులు తోమి, ఆరాకే మడవండి. పోయినేడాది నేను తడి మీదే చుట్టేసి అటక మీద పెట్టాను. రెండు గొట్టాలు ఇప్పటికీ విడిపోలేదు.

రెండుచక్రాలు:
వెళ్ళొచ్చాను. బొండం చెక్కలు గంటసేపు బాగానే ఆగాయి, తర్వాత ఒకటి తిరగబడింది. పడలేదు గానీ పట్టాకి ఆర్డర్ పెట్టేశాను. మిగతావి వద్దు. టూత్‌బ్రష్ మాత్రం బైకు డిక్కీలో చేరింది.

బొండాలమ్మే ఆవిడ, ఖాళీ చెక్కలెందుకు పట్టుకెళ్తన్నావని అడిగింది. కూర్చోడానికి అన్నాను. జాలిపడి తన ప్లాస్టిక్ స్టూలు ఇవ్వబోయింది. కుర్చీ ఉందమ్మా అంటే, "కుర్చీ ఉంటే మరి చెక్కలెందుకు బాబూ?" అంది.

ఉద్దానం_గుంటడు:
స్టూలు తీసుకోవలసింది.