ఐసీయూలో మొదటి ప్రయత్నం వీడియో లారింగోస్కోపుతోనే చేయాలా?

రాత్రి_ఐసీయూ:
అత్యవసరంగా శ్వాసనాళంలోకి ట్యూబు వేయాల్సి వస్తే మొదటి ప్రయత్నమే వీడియో లారింగోస్కోపుతో (బ్లేడు కొసన కెమెరా ఉండి, గొంతు లోపలిని స్క్రీన్ మీద చూపేది) చేయాలని మా విభాగంలో నియమం పెట్టబోతున్నారు. నేను ఆ నియమం వైపే. 2023లో వచ్చిన ‘డివైస్’ అనే ట్రయల్ చూడండి. ఎమర్జెన్సీ, ఐసీయూల్లోని 1,417 మంది పెద్దవాళ్ల మీద చేశారు. మొదటి ప్రయత్నంలోనే ట్యూబు పడింది వీడియోతో 85.1 శాతం మందికి, నేరుగా కంటితో చూసి వేసే మామూలు లారింగోస్కోపుతో 70.8 శాతం మందికి. ఇంత తేడా ఉన్నాక ఇంకా వాదన దేనికి?

పాతకాపు_మత్తు:
అదే ట్రయల్‌లో ఇంకో అంకె కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఆక్సిజన్ బాగా పడిపోవడం, బీపీ కుప్పకూలడం, గుండె ఆగిపోవడం వంటి తీవ్ర సమస్యలు వీడియో వైపు 21.4 శాతం, మామూలు వైపు 20.9 శాతం. మరి రోగికి ఒరిగిందేమిటి? పైగా అందులో ట్యూబు వేసినవాళ్లు చాలావరకు శిక్షణలో ఉన్నవాళ్లే. చెయ్యి తిరిగినవాళ్లకు ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? 2017లో ఫ్రాన్స్ ఐసీయూల్లో 371 మంది మీద చేసిన మ్యాక్‌మ్యాన్ ట్రయల్‌లో మొదటి ప్రయత్నంలోనే ట్యూబు పడింది వీడియోతో 67.7 శాతం, మామూలుతో 70.3 శాతం. ప్రాణాపాయ సమస్యలు వీడియో వైపే ఎక్కువ.
అంకెలు పక్కన పెట్టండి. బ్లేడు నోట్లో ఉండగా నా కళ్ల ముందే స్క్రీన్ ఆరిపోయింది. పక్కన ఉన్న కుర్రవాళ్లు నా ముఖం చూశారు. అప్పుడు ట్యూబు వేసింది మామూలు లారింగోస్కోపుకు ఉండే మెకింతోష్ బ్లేడు, 1943 నాటిది.

రాత్రి_ఐసీయూ:
ఆ ప్రాణాపాయ సమస్యల తేడా ట్రయల్ ముగిశాక వెతికి తీసిన విశ్లేషణ. దాన్ని రుజువుగా చెప్పకండి. ఇక స్క్రీన్ ఆరిపోవడం అంటారా, చార్జింగ్ చూసుకోనిది ఎవరు?

పాతకాపు_మత్తు:
చార్జింగ్ నిండా ఉంది. ఆరిపోయింది. అంతే.

రాత్రి_ఐసీయూ:
మామూలు లారింగోస్కోపు బల్బు ఎప్పుడూ పోలేదా?

పాతకాపు_మత్తు:
బల్బు పోతే పిడి మార్చడానికి రెండు క్షణాలు. మీ యంత్రానికి?

బూజీ_చేతిలో:
బల్బు, బ్యాటరీ గొడవ ఆపి ఒకటి చెప్పండి. మీరు మాట్లాడుతున్నది ఏ వీడియో బ్లేడు గురించి? మెకింతోష్ వంపు ఉన్నదా, బాగా వంగినదా? రెండింటినీ ఒకే గాటన కడుతున్నారు. బాగా వంగిన బ్లేడుతో స్వరతంత్రులు నిండుగా కనిపిస్తాయి, ట్యూబు మాత్రం మూల తిరగదు. దానికి అదే వంపు ఉన్న స్టైలెట్ (ట్యూబు లోపల పెట్టే గట్టి తీగ) కావాలి. ట్యూబు నోట్లోకి దించేటప్పుడు స్క్రీన్ వదిలి నోటిని చూడాలి, లేకపోతే అంగిలి చిరుగుతుంది. మెకింతోష్ వంపు వీడియో బ్లేడైతే కెమెరా పోయినా నేరుగా చూసి వేసుకోవచ్చు.

మానిటర్_పక్కన (ఐసీయూ నర్సు):
ఏది వాడినా ట్యూబు పడిందో లేదో చెప్పేది కాప్నోగ్రాఫ్ గీత, అంటే వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మానిటర్ మీద చూపే గీత. గీత రాకపోతే “నేను కళ్లారా చూశాను” అన్నా చెల్లదు.

రెసిడెంట్_రెండో_ఏడు:
నేనూ ఒక మాట చెప్పాలి. మామూలు బ్లేడుతో చేస్తుంటే మా సీనియర్ “నేను సాయం చేస్తా” అని గొంతు మీద నొక్కారు. ఆయన నొక్కిన కొద్దీ నాకు కనిపిస్తున్న కాస్తా మూసుకుపోయింది. “సార్, వదలండి” అంటే నమ్మలేదు. నేను చూస్తున్నది ఆయనకు కనిపించదు కదా. తర్వాత అందరి ముందు నాకు చేతకాదన్నారు. స్క్రీన్ ఉంటే ఆ చెయ్యి ఎటు జరగాలో ఆయనకే తెలిసేది.

పాతకాపు_మత్తు:
ఓహో, స్క్రీన్ రోగి కోసం కాదన్నమాట. సీనియర్ మీద సాక్ష్యం కోసం!

రాత్రి_ఐసీయూ:
సార్, ఇంతసేపూ మీరు దాస్తున్నది ఇదే. మీ చెయ్యి ఏం చేస్తోందో గదిలో అందరికీ కనిపించడం మీకు నచ్చడం లేదు. దానికి ఫ్రాన్స్ ట్రయల్‌ను అడ్డం పెట్టుకుంటున్నారు.

పాతకాపు_మత్తు:
నా చెయ్యి చూడటానికి ఎవరైనా రావచ్చు, టికెట్టు లేదు. నా భయం వేరు, నేరుగా అడుగుతున్నా చెప్పండి. రక్తం, వాంతి నోటి నిండా ఉండి, సక్షన్ పెట్టినా కెమెరా మీద ఎర్రటి మసక తప్ప ఏమీ లేని రాత్రి, నేరుగా చూసి వేయగలిగేది ఎవరు? మీ నియమం వచ్చాక ఆ చెయ్యి ఎక్కడ తయారవుతుంది?

రాత్రి_ఐసీయూ:
ఆ చెయ్యి తయారవడానికి ఊపిరి అందని మనిషిని వాడుకుంటారా? ఆ మనిషి ఒప్పుకున్నాడా? ఆపరేషన్ థియేటర్‌లో నేర్పండి.

బూజీ_చేతిలో:
థియేటర్‌లోనూ అది ఉచితం కాదు. 2024లో ఒక పెద్ద ఆసుపత్రి ట్రయల్ వచ్చింది. గుండె, ఛాతీ, రక్తనాళాల ఆపరేషన్లు 8,429. ఒకటికి మించి ప్రయత్నాలు అవసరమైంది వీడియోతో 1.7 శాతం, మామూలుతో 7.6 శాతం.

పాతకాపు_మత్తు:
ఒకే ఆసుపత్రి, అదీ బాగా వంగిన బ్లేడు. ఇందాక రెండూ వేరన్నది మీరే. అయినా ఆ లెక్కన ఎక్కడా నేర్పకూడదని తేలుతుంది. అదేనా మీరు కోరేది?

రెసిడెంట్_రెండో_ఏడు:
మెకింతోష్ వంపు వీడియో బ్లేడు ఇచ్చి, స్క్రీన్ సీనియర్ వైపు తిప్పితే? నేను నోట్లోకి నేరుగా చూస్తాను, సీనియర్ స్క్రీన్ చూస్తారు. కుదరకపోతే నా వైపు తిప్పుతారు.

పాతకాపు_మత్తు:
దానికి నాకు అభ్యంతరం లేదు. ఎప్పుడు తిప్పాలో మాత్రం నేను చెబుతాను.

రాత్రి_ఐసీయూ:
మీరు చెప్పడమే సమస్య. పట్టుదల పెరిగితే మీకు సమయం తెలియదు. ఎవరికీ తెలియదు.

మానిటర్_పక్కన (ఐసీయూ నర్సు):
ఆక్సిజన్ ఎంతకు దిగితే తిప్పాలో మత్తు ఇచ్చే ముందే అంకె చెప్పండి. ఆ అంకె రాగానే నేను బయటకు చదువుతాను. మీ ఇద్దరి అనుమతీ అడగను.

పాతకాపు_మత్తు:
90.

రాత్రి_ఐసీయూ:
94. 90కి వచ్చాక పడిపోవడం ఎంత వేగంగా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

పాతకాపు_మత్తు:
94 దగ్గర తిప్పేస్తే వాడు నేర్చుకునేది ఏమిటి?