ఉప్పుగాలి ఊళ్ళో నాణేలకు కార్డ్‌బోర్డా, క్యాప్సూలా?

బరంపురం పెద్దబజారు:
అందరికీ నమస్కారం. నాన్నగారు పోయాక ఆయన నాణేల ఆల్బమ్ నా చేతికొచ్చింది. మూడొందల పైచిలుకు ఉంటాయి, సగం రాగివే. నిన్న తెరిచి చూస్తే 1862 పావు అణా మీద విక్టోరియా మెడ దగ్గర పచ్చగా జిగురు. వేలికి అంటుకుంది కూడా. పేజీల నుంచి కొత్త రెయిన్‌కోటు వాసన. వాటిలో ఇక ఒక్క రోజు కూడా ఉంచబుద్ధి కావడం లేదు. ఒకరు కార్డ్‌బోర్డ్ హోల్డర్లు చాలంటారు, ఇంకొకరు నాణెం పట్టే గట్టి ప్లాస్టిక్ క్యాప్సూళ్ళు తప్ప వద్దంటారు. గోపాల్‌పూర్ సముద్రం మాకు అరగంట దూరం. ఈ గాలికి ఏది నిలుస్తుంది?

పర్లాకిమిడి పాతకాసు:
అన్నయ్యగారూ, ఆ జిగురు చిలుము కాదు, పేజీ చేసిన పని. అలాంటి ఆల్బమ్ పేజీలు పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది. ప్లాస్టిక్ పాడవుతున్నకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా విడుదలవుతుంది. ముందు దెబ్బ తినేది రాగి, ఆ తర్వాత వెండి. చిలుమైతే గట్టిగా పట్టి ఉంటుంది, ఇది వేలికి సాగుతుంది.

నా ఓటు కార్డ్‌బోర్డ్‌కే. రెండంగుళాల చదరం, మధ్యలో మైలార్ అనే పలచటి పారదర్శక ప్లాస్టిక్ కిటికీ. నాణెం పెట్టి అట్టను మడిచి, చుట్టూ స్టేపుల్ పిన్నులు కొడతాం. మైలార్‌లో ఆ మెత్తబరిచే రసాయనం ఉండదు, నాణేన్ని ఏమీ చేయదు. అన్నిటికంటే ముఖ్యం, అట్ట మీద రాసుకోవచ్చు. ఏ సంవత్సరం, ఏ టంకశాల, ఎక్కడ దొరికింది అన్నీ. మీ నాన్నగారు చెప్పిన సంగతులు మీకు గుర్తున్నప్పుడే రాసేయండి. మూడొందలకు క్యాప్సూళ్ళంటే జేబుకు చిల్లే.

గోపాల్‌పూర్ గాలి:
పర్లాకిమిడి తమ్ముడు కొండల పక్కన కూర్చుని చెబుతున్నాడు. మా ఇంట్లో కిటికీ ఊచలే రెండేళ్ళకు పెచ్చులూడతాయి, స్టేపుల్ పిన్ను ఎంత? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఇక్కడే తీరం దాటింది. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు, చెమ్మ మాత్రం వచ్చింది. నెల తర్వాత చూస్తే అట్టలు ఉబ్బాయి, పిన్నుల తుప్పు అట్టలో ఇంకి గోధుమరంగు చారలు కట్టింది. ఒక చిల్లి కానీకి ఆ మరక అంచు దాకా పాకింది. గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్లో పెట్టిన జార్జ్ రూపాయలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అప్పటి నుంచి నేను అట్ట జోలికి పోలేదు.

పర్లాకిమిడి పాతకాసు:
తుప్పు పట్టే పిన్నులు కొట్టడం మన తప్పు గదా అన్నా. తుప్పు పట్టని రకం ఉన్నాయి. కొట్టాక వెనక కాళ్ళను పటకారుతో చదును చేయాలి, లేకపోతే ఒక హోల్డరు పిన్ను పక్క హోల్డరు కిటికీని చీల్చుతుంది. తీసేటప్పుడు అట్టను లాగొద్దు. ముందు పిన్నులన్నీ పీకి, తర్వాతే విప్పాలి. సగం ఊడిన పిన్ను నాణెం ముఖం మీద గీత గీస్తే అది జన్మలో పోదు. జిగురుతో అంటించే రకం మాత్రం నేనూ వాడను, వేసవిలో జిగురు కారుతుంది.

ఇంకో సంగతి. చదరపు ఒక పైసా, అంచు వంకీల రెండు పైసలు గుండ్రటి క్యాప్సూల్లో ఎలా కుదురుతాయి? గలగలా కదిలి మూలలు అరుగుతాయి. అల్యూమినియం మెత్తటి లోహం.

రాయగడ అమ్మ:
ఇద్దరూ హోల్డరు గురించే కొట్లాడుతున్నారు, లోపల ఏం పెట్టి మూస్తున్నారో చూడడం లేదు. క్యాప్సూల్ గాలి చొరని డబ్బా కాదు నాయనా, చెమ్మ నెమ్మదిగా లోపలికి పోతూనే ఉంటుంది. శ్రావణంలో తడి చేత్తో మూశారంటే ఆ తడీ లోపలే ఉంటుంది. నేను ఆ పని మాఘంలో, ఎండ బాగా కాసే మధ్యాహ్నం పెట్టుకుంటాను. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు. హోల్డరు ఏదైనా, వాటన్నిటినీ బిగుతు మూతున్న డబ్బాలో పెట్టి, పక్కన చెమ్మ పీల్చే సిలికా జెల్ వేయండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వాటి పని అయిపోయినట్టే, మార్చాలి.

ఆ డబ్బాలో కలరా ఉండలు మాత్రం వేయకండి. పట్టుచీరల పెట్టె అలవాటుతో నేను వేశాను. ఆ ఆవిరికి క్యాప్సూళ్ళ ప్లాస్టిక్ మెత్తబడి మసకేసింది. ఇంకొకటి చెప్పాలి. మా అత్తగారు నా మీద ప్రేమతో ఒక విక్టోరియా వెండి రూపాయిని చింతపండుతో తోమి ఇచ్చారు. తళతళలాడింది. నూరేళ్ళ పైబడి పట్టిన ఆ నల్లటి నిగ్గు ఒక్క పూటలో పోయింది. ఆవిడ మురిసిపోతుంటే నేను ఏమీ అనలేకపోయాను. పెద్దబజారు బాబూ, మీ ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పండి.

గోపాల్‌పూర్ గాలి:
అమ్మా, మాఘం మాట ఒప్పుకుంటున్నాను. చదరపు పైసా మాటా ఒప్పుకుంటాను, దానికి మైలార్ కవరు చాలు. కానీ సముద్రపు ఊళ్ళో రాగికి అట్ట అంటే మాత్రం నేను ఒప్పుకోను. అట్ట చెమ్మను పీల్చి, పక్కనే ఉన్న రాగికి పట్టిస్తుంది. క్యాప్సూల్ కొనేటప్పుడు వ్యాసం సరిగ్గా కొలిచి కొనండి. మిల్లీమీటరు ఎక్కువైనా నాణెం లోపల ఆడుతుంది.

బరంపురం పెద్దబజారు:
అందరి మాటా విన్నాను. ముందు జిగురు సంగతి చూశాను. ఆ జిగురును కరిగించే స్వచ్ఛమైన అసిటోన్ మందుల షాపులో దొరికింది. గోళ్ళరంగు తీసే ద్రవం కొనలేదు, అందులో వేరేవి కలుపుతారట. అసిటోన్‌కు కొన్ని ప్లాస్టిక్‌లు కరుగుతాయి కాబట్టి గాజు గిన్నెలో పోశాను. పొయ్యి ఆర్పి, కిటికీలు తీసి, పావు అణాను అందులో వేశాను. రుద్దలేదు. కాసేపటికి పచ్చదనం దారాల్లా విడిపోయింది. కొత్త అసిటోన్‌లో మరోసారి ముంచి, మెత్తటి గుడ్డ మీద పెట్టి ఆరనిచ్చాను. విక్టోరియా మెడ బయటపడింది గానీ జిగురు ఉన్నచోట చిన్న గుంట మిగిలింది. అది ఇక పోదు.

రాగివీ వెండివీ క్యాప్సూళ్ళలోకే వెళ్తాయి, కొన్నికొన్నిగా కొంటాను. పైసలూ నికెల్ బిళ్ళలూ అట్టల్లోకి, తుప్పు పట్టని పిన్నులతో. క్యాప్సూల్ మీద రాయలేను కాబట్టి వాటికి విడిగా ఒక నోటుబుక్ పెట్టాను. మొదటి పేజీలో పావు అణా వివరం రాశాను: నాన్నగారికి ఇది ఠాకురాణీ జాతరలో ఒక పాత సామాన్ల బండి మీద దొరికింది.