కరెంటు వొచ్చినప్పుడల్లా 4017 కౌంటర్ ఐసీ నడిమిట్ల నుంచి మొదలైతుంది

మిర్యాలగూడ వైండింగ్
అన్నలారా, మా బోరు మోటారుకు టైమర్ కట్టిన. 4060 ఐసీ పల్స్ (క్లాక్) ఇస్తది, ఒక్కో పల్స్‌కు 4017 ఒక్కో మెట్టు ఎక్కి ఒక్కో ఎల్ఈడీ వెలిగిస్తది, పదో ఎల్ఈడీకి రిలే పడి స్టార్టర్ ఆగాలె. కరెంటు పోయి వొస్తే ఒకసారి మూడోది, ఒకసారి ఏడోది వెలుగుతుంది. కరెంటు రాంగనే లెక్క మొదటికి రావాలెనని రీసెట్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టిన. ఐసీలు మూడు మార్చిన, అదే కత.

దేవరకొండ రేడియో
ఐసీల తప్పు లేదు తమ్మీ. నీ రీసెట్ టైం 1 మిల్లీసెకనే. సప్లైల ఫిల్టర్ కెపాసిటర్ ఎంతది?

మిర్యాలగూడ వైండింగ్
2200 మైక్రోఫారడ్. దాని తర్వాత 7812, 12 వోల్టుల రెగ్యులేటర్.

దేవరకొండ రేడియో
ఆడనే ఉంది. అది నిండనీకె పదుల మిల్లీసెకన్లు పడుతది. 12 వోల్టులు గంత మెల్లగ లేస్తుంటే 4017 రీసెట్ పిన్ను, అదే 15వది, అర వోల్టు గూడ ఎక్కదు, రీసెట్ పడనే పడదు. 100 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్ పెట్టు. కెపాసిటర్ ప్లస్‌కెల్లి 15కు, రెసిస్టర్ 15కెల్లి గ్రౌండ్‌కు. 4060 రీసెట్ పిన్ను, పన్నెండోది, గూడ దానికే కలుపు, రెండు ఐసీలూ రీసెట్ పిన్ను వోల్టేజీ పైకి (హై) పోతేనే రీసెట్ అయితయి. రెసిస్టర్ మీద 1ఎన్4148 డయోడ్ వెయ్యి, దాని గీత 15 దిక్కు ఉండాలె. కరెంటు పోంగనే కెపాసిటర్ ఖాళీ అయితది.

పాలమూరు డిప్లొమా
మా ప్రాజెక్టుల వేరే తీరు. 74హెచ్‌సీ74 ఐసీలు నాలుగు, వాటిల ఒక్కో బిట్టు గుర్తుంచుకునే ఫ్లిప్‌ఫ్లాప్‌లుంటయి, అన్నిటికీ ఒకటే రీసెట్ స్విచ్. వదలంగనే అప్పుడప్పుడు ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ఒక క్లాక్ వెనక పడేది. రీసెట్ సరిగ్గ క్లాక్ పల్స్ మారే అంచు కాడ లేస్తే (తొలగితే), ఒకటి ఆ అంచును పట్టుకుంటది, ఇంకోటి పట్టుకోదు. రీసెట్ ఎప్పుడైనా పడనీ, లేచేది మాత్రం క్లాక్‌తోటే లేవాలె. అదే క్లాక్ మీద నడిచే రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండ తెచ్చినంక మళ్ల తప్పలే.

మిర్యాలగూడ వైండింగ్
దేవరకొండన్నా, మెయిన్ పదిసార్లు తీసి వేసిన, పదిసార్లు మొదటి ఎల్ఈడీయే! కని స్టార్టర్ కాంటాక్టర్ టక్కుమని వదిలినప్పుడు లెక్క ఒకటి రెండు మెట్లు దుంకుతుంది.

దేవరకొండ రేడియో
4017ల క్లాక్‌ను ఆపే 13వ పిన్ను ఏడ కట్టినవ్?

మిర్యాలగూడ వైండింగ్
ఖాళీగనే ఉంది. ఇప్పుడే ఏలు దగ్గరికి తెచ్చి చూసిన, ముట్టకముందే ఎల్ఈడీలు ఉరుకుతున్నయి.

దేవరకొండ రేడియో
గ్రౌండ్‌కు కట్టు. క్లాక్ హైల ఉండంగ 13 కిందికి పడ్డా 4017 ఒక మెట్టు ఎక్కుతది. రిలే కాయిల్‌కు 1ఎన్4007 డయోడ్, ఒక్కో ఐసీ సప్లై పిన్ను ఆనుకోని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గూడ పెట్టు. కాళ్లు పొట్టిగ కొయ్యి, పొడుగుంటే ఫాయిదా లేదు.

మిర్యాలగూడ వైండింగ్
మూడూ చేసిన. రాత్రి మోటారు ఆరుసార్లు ఆగింది, ఎల్ఈడీ ఒక్కసారి గూడ దుంకలే.