స్పామ్‌లో పడే క్రెడిట్ కార్డు ఆఫర్లలో పనికొచ్చేవి ఉంటాయా, అంతా చెత్తేనా?

కావలి కుర్రోడు:
అన్నలూ అక్కలూ ఒక డౌటు. నాకు రోజుకి ఏడెనిమిది క్రెడిట్ కార్డు మెయిల్స్ వస్తా ఉండాయి, అన్నీ స్పామ్‌లోనే పడతాయి, చూడకుండా డిలీట్ కొట్టేస్తా. మొన్న ఆదివారం కరెంటు పోయి ఊరికే తిరగేస్తా ఉంటే నా శాలరీ అకౌంట్ బ్యాంకు పేరుతోనే ఒకటి కనపడింది, ప్రీ అప్రూవ్డ్ అంట, లైఫ్‌టైమ్ ఫ్రీ అంట, ఆ ఫ్రీ పక్కన చిన్న నక్షత్రం గుర్తు. ఆఫీసులో ఒకాయన ఇట్టా స్పామ్‌లో దొరికిన కార్డే నాలుగేళ్ళుగా వాడతా ఉన్నాడు, రూపాయి ఫీజు కట్టలేదంటాడు. మా మామేమో చెత్తకుండీలో చెయ్యి పెడితే తేలే కుడుతుంది అంటాడు. ఏం చెయ్యమంటారు?

చీమకుర్తి రాయి:
మీ మామ మాట విను అబ్బయా. నేను కూడా ఇట్టాంటి మెయిల్ చూసే తీసుకున్నా. 40 వేలు బిల్లొచ్చింది, మినిమమ్ డ్యూ 2 వేలు అని రాసుంటే అంతే కట్టాలేమో అనుకొని కట్టేసి హాయిగా ఉన్నా. వడ్డీ నెలకి 3.5 శాతం, దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు రూపాయల పైన వడ్డీ! మా ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణే నోటికొచ్చినట్టు తిడతాం. కట్టిన 2 వేలల్లో అసలుకి పోయింది మూడొందల నలభై చిల్లర, అంతే. ఆ తర్వాత నెల కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ వేశారు.

ట్రంకురోడ్డు:
అన్నా, రొయ్యల మేత అప్పుకి తెచ్చుకొని అంగడోణ్ణి తిట్టినట్టుంది నీ కథ. ఫుల్ బిల్లు కట్టకపోవడం నీ తప్పు, మెయిల్ తప్పు ఎట్టా అవుద్ది? నా దగ్గర మూడు కార్డులుంటే రెండు మెయిల్ చూసి తీసుకున్నవే, ఆటోపే టోటల్ డ్యూకి పెట్టేశా, వడ్డీ అనేది ఇంతవరకు కట్టలా.

తమ్ముడూ, మెయిల్ అంటే పెళ్ళిళ్ళ పేరయ్య అనుకో. సంబంధం ఉందని చెప్తాడు, ఇల్లూ వాకిలీ చూసుకోవాల్సింది మనమే. అందులో లింకు మాత్రం నొక్కొద్దు. నీ ఫోన్లో ఉన్న బ్యాంకు యాప్ తెరిచి కార్డుల దగ్గర చూడు, అక్కడ అదే ఆఫర్ ఉంటే నిజం, లేకపోతే వదిలెయ్. ఇంక ఆ నక్షత్రం వెంట కిందదాకా పో, బూడిద రంగులో చీమ తలకాయంత అక్షరాలుంటాయి, అసలు సంగతి అక్కడుంటది. నాకొకటి లైఫ్‌టైమ్ ఫ్రీ అని వస్తే కింద మొదటి ఏడాదికే అని ఉంది, తర్వాత ఏడాదికి 499, జీఎస్టీతో 588.82. ఆ 82 పైసలు కూడా వదల్లేదు మహానుభావులు.

ఒంగోలు అక్క:
బ్యాంకులో కొన్నాళ్ళు పనిచేశా కాబట్టి చెప్తున్నా. స్పామ్‌లో అసలువీ నకిలీవీ పక్కపక్కనే ఉంటాయి. పంపినవాళ్ళ పేరు మీద నొక్కితే అడ్రస్ కనపడుద్ది, బ్యాంకు పేరు పెట్టుకొని జీమెయిల్ నుంచి వస్తే అది దొంగదే. మన బ్యాంకుల సైట్లన్నీ 2025 అక్టోబరు ఆఖరుకల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని ఆర్‌బీఐ చెప్పింది, అది కూడా చూసుకోండి. ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, పంపి ఇన్‌స్టాల్ చెయ్యమంటే చెయ్యబాకండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ కొట్టండి.

ఇంకోటి, ప్రీ అప్రూవ్డ్ అంటే కార్డు ఇచ్చేసినట్టు కాదు. అప్లై చేస్తే ఎక్కువ సందర్భాల్లో మన అప్పుల చరిత్రకి స్కోరు ఇచ్చే సిబిల్‌లో ఎంక్వైరీ పడుద్ది, ఒకే నెలలో నాలుగు చోట్ల పెడితే స్కోరు తగ్గుద్ది. మా చిన్నాన్న కొడుక్కి అడక్కుండానే కొరియర్‌లో కార్డొచ్చింది, ఓటీపీ చెప్పొద్దన్నా. 2022 ఆర్‌బీఐ రూల్ ప్రకారం 30 రోజుల్లో యాక్టివేట్ చెయ్యకపోతే ఓటీపీతో మన ఒప్పుకోలు అడగాలి, ఒప్పుకోకపోతే 7 పనిదినాల్లో పైసా తీసుకోకుండా క్లోజ్ చెయ్యాలి.

రొయ్యల గుంట:
మీకు స్పామ్‌లో అయినా వస్తా ఉండాయి, శాలరీ స్లిప్పు లేని మాబోటోళ్ళకి అవి కూడా రావు 😂 ఇందుకూరుపేట సైడు ఎవుర్ని అడిగినా అంతే. నేను బ్యాంకుకి పోయి ఎఫ్‌డీ మీద రూపే క్రెడిట్ కార్డు తీసుకున్నా, టీ అంగట్లో కూడా యూపీఐలో దాంతోనే కొడతా. మనుషులకి పంపడానికి మాత్రం పనికిరాదు, అంగళ్ళకే.

చీమకుర్తి రాయి:
టీకి కూడా అప్పేనా సామీ! ఇందుకే నేను చెప్పేది.

కావలి కుర్రోడు:
యాప్‌లో చూసినా. ఆఫర్ ఉండాది, అంటే మెయిల్ నిజమే. కానీ లైఫ్‌టైమ్ ఫ్రీ కావాలంటే 90 రోజుల్లో మూడుసార్లు వాడాలంట, ఆ ముక్క మెయిల్‌లో నాలుగుసార్లు కిందికి జరిపితే గానీ రాలా. మూడుసార్లు పెట్రోలు కొట్టిస్తే లెక్కలోకి వస్తదా రాదా? ట్రంకురోడ్డన్నా, నీదాంట్లో ఎట్టా రాసుందో కాస్త చూసి చెప్పవా.