ఏప్రిల్ చివర్లో పెన్ రిలేస్: నాన్నని తీసుకెళ్లొచ్చా?

జంక్షన్_పక్కన అడిగారు:

అందరికీ నమస్తే. మేం న్యూజెర్సీలో, ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌కి దగ్గర్లో ఉంటాం. అమ్మానాన్న మార్చిలో వచ్చారు, ఆగస్టు దాకా ఉంటారు. అమ్మకి బానే తోస్తోంది. నాన్నతోనే వచ్చింది చిక్కు. ముప్ఫై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పొద్దున ఐదున్నరకే లేచి అపార్ట్‌మెంట్ల చుట్టూ నాలుగు రౌండ్లు వేసొచ్చి, ఆ రోజుకి పనైపోయినట్టు కూర్చుంటారు. లిబర్టీ విగ్రహం చూపించాం. "బాగుంది" అన్నారు. నయాగరాకి బుక్ చేశాం. "సరే" అన్నారు.

మొన్న మా ఆఫీసులో ఒకాయన, ఏప్రిల్ చివర్లో ఫిలడెల్ఫియాలో పెన్ రిలేస్ జరుగుతాయనీ, గురువారం నుంచి శనివారం దాకా పరుగులేననీ చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట అంటే నాన్న సోఫాలో ముందుకి జరిగి, "మూడు రోజులూ రిలేలేనా?" అని రెండుసార్లు అడిగారు. ఇక్కడికి వచ్చాక ఆయన ఏదైనా రెండోసారి అడగడం ఇదే మొదలు.

నాకు ఆటల గురించి ఏమీ తెలీదు. ఒక్కరోజే కుదురుతుంది. ఏ రోజు మంచిది? ఎక్కడ కూర్చోవాలి? ఆయనకి 67 ఏళ్లు, కుడి మోకాలు కాస్త ఇబ్బంది పెడుతుంది. ఏడేళ్ల మా వాడు కూడా వస్తాడు, గంటల తరబడి కూర్చోగలడా? కారా, రైలా?

బ్యాటన్_బాబాయి:

ముందు ప్రయాణం సంగతి తేల్చేద్దాం. కారు వద్దు. మొదటిసారి నేను కారేసుకెళ్లి, పార్కింగ్ కోసం తిరిగీ తిరిగీ, చివరికి దొరికిన చోట వాళ్లు అడిగినంతా ఇచ్చి లోపలికి వచ్చేసరికి పొద్దుటి రేసులన్నీ అయిపోయాయి. మీరు జంక్షన్‌లో ఎన్‌జే ట్రాన్సిట్ ఎక్కి ట్రెంటన్‌లో దిగండి. అక్కణ్ణుంచి సెప్టా రైలు. 30వ వీధి స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు, కానీ మోకాలి సంగతి చెప్పారు కాబట్టి ఇంకో స్టాపు ముందుకెళ్లి పెన్ మెడిసిన్ స్టేషన్‌లో దిగండి. అవసరమైతే 30వ వీధిలో రైలు మారండి. స్టేడియం అక్కడికి పక్కనే.

ఇక అసలు విషయం. ఈ పోటీలు 1895లో మొదలయ్యాయి. అంటే ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్ కంటే ఏడాది పెద్దవి. ఇవి జరిగే ఫ్రాంక్లిన్ ఫీల్డ్ స్టేడియాన్ని కట్టిందే వీటికోసం. 'రిలే కార్నివాల్' అనే పేరు ఎలా వచ్చిందంటే, పాతరోజుల్లో పరుగెత్తేవాళ్ల కోసం మైదానం చుట్టూ గుడారాలు వేసేవారట, తిరునాళ్లలా ఉండేదట. ఇప్పటికీ తిరునాళ్లే. స్కూలు పిల్లలు, కాలేజీ వాళ్లు, ఒలింపిక్స్‌కి వెళ్లొచ్చినవాళ్లు, తెల్లజుట్టు తాతలు, అందరికీ అదే ట్రాక్. ఒక రేసు అయ్యీ అవకముందే తర్వాతి రేసు వాళ్లు గీత దగ్గర కాళ్లు ఝాడిస్తూ కనిపిస్తారు. మీ వాడికి విసుగు పుట్టే వ్యవధి ఉండదు.

నేను మొదట వెళ్లింది 2010లో, బోల్ట్ కోసం. ఆ శనివారం 54,310 మంది వచ్చారు. జమైకా 4×100 (నలుగురు, తలా 100 మీటర్లు) టీమ్‌లో చివరి లెగ్, అంటే ఆఖరి వంతు, ఆయనది. మొత్తం రేసు 37.90 సెకన్లు. నేను కెమెరా సర్దుకునేలోపే అయిపోయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నా మనసులో నిలిచింది బోల్ట్ కాదు, స్కూలు కుర్రాళ్ల 4×400. జమైకా హైస్కూళ్లు 1964 నుంచీ ఇక్కడికి వస్తున్నాయి. నా పక్క సీట్లో పసుపు చొక్కా, ఆకుపచ్చ టోపీతో ఒక పెద్దావిడ. ఒళ్లో ప్రోగ్రాం పుస్తకం, చేతిలో స్టాప్‌వాచ్. ఒక్కో కుర్రాడు రౌండు ముగించగానే పేజీ అంచున అంకె వేసుకునేది. వాళ్ల స్కూలు పిల్లాడు చివరి మలుపులో ఒకణ్ణి దాటుతుంటే ఆ మూలనున్న జనమంతా "ఊఊ" అంటూ లేచారు. ఆవిడ మాత్రం లేవలేదు. వాచ్ నొక్కాలి కదా!

ఎక్కడ కూర్చోవాలో నిజానికి మీ నాన్నగారే చెప్పగలరు. 4×400లో బ్యాటన్ (ఒకరి చేతిలోంచి ఇంకొకరికి అందించే గొట్టం) మార్పులన్నీ ఫినిష్ లైన్ దగ్గరే. 4×100లో మూడో మార్పు చివరి మలుపు ముగిసేచోట, చాలామంది కొంప మునిగేది అక్కడే. రెండూ కనపడాలంటే ఆ మలుపుకీ ఫినిష్‌కీ మధ్య చూసుకోండి. పై అంతస్తు నుంచి మొత్తం కనిపిస్తుంది గానీ మెట్లెక్కాలి. కింద కూర్చుంటే ముఖాలు కనిపిస్తాయి. నా ఓటు కిందకే.

ఒక్కటి మాత్రం ఆయన్ని తప్పకుండా చూడమనండి. 4×400లో వచ్చే రన్నర్లు 200 మీటర్ల గుర్తు దాటిన వరసలోనే, బ్యాటన్ అందుకోవాల్సినవాళ్లని లోపలి నుంచి బయటికి నిలబెడతారు. ఆ తర్వాత వీళ్లు చోటు మారకూడదు. వెనకున్నవాడు ఈలోగా ఇద్దర్ని దాటుకొచ్చినా సరే, వాడికోసం చూస్తున్నవాడు బయటే ఉండాలి. కుర్రాళ్లు మోచేతులతో సర్దుకుంటూ, చెయ్యి వెనక్కి చాపి, కళ్లు మాత్రం వచ్చేవాడి మీద నుంచి తిప్పరు. నేను రేసు మానేసి దీన్నే చూస్తుంటాను.

డిస్టన్స్ మెడ్లే అని ఇంకోటుంది. 1200, 400, 800, 1600 మీటర్లు, నలుగురికీ నాలుగు దూరాలు. మన స్కూలు ఆటల్లో నేనెప్పుడూ చూడలేదు.

నా సలహా శనివారం, పెద్ద ఫైనల్స్ చాలావరకు ఆ రోజే. ఏప్రిల్ చివరైనా నీడలో చలేస్తుంది, స్వెటర్ ఉంచుకోండి. కూర్చోడానికి ఓ పల్చటి దిండు. బ్యాగుల నియమాలు, టైమ్‌టేబుల్ మాత్రం వెళ్లేముందు వాళ్ల సైట్‌లో చూసుకోండి.

ఫిలీ_పాతకాపు:

బాబాయి గారూ, రోజు విషయంలో మీతో పేచీ. శనివారం జనం ఎక్కువ, మోకాలి నొప్పి ఉన్న మనిషి ఒకసారి లేచి బయటికెళ్లి రావాలంటే పెద్ద పని. శుక్రవారం వెళ్లండి. అబ్బాయిల 4×400 హీట్స్ (ఫైనల్‌కి ముందు జరిగే తొలి రేసులు) గంటల తరబడి నడుస్తాయి, స్కూలు తర్వాత స్కూలు. ఫైనల్లో అందరూ బాగానే పరుగెడతారు. డ్రిల్ మాస్టారికి కావాల్సింది హీట్స్. ఎవడు తొందరపడి బయల్దేరాడు, ఎవడు చెయ్యి తప్పుగా పెట్టాడు, తప్పులన్నీ అక్కడ దొరుకుతాయి. మా మావయ్య కూడా పి.ఈ.టి.యే, ఆయన్ని తీసుకెళ్లిన అనుభవంతో చెబుతున్నా. ఇంటికొచ్చాక కూడా మూడు రోజులు ఆ తప్పులే లెక్కపెట్టారు.

మోకాలి పేరు చెప్పి ఆయన వెనకాడితే ఇది చెప్పండి. 2016లో ఇక్కడే ఐడా కీలింగ్ అనే నూరేళ్ల ఆవిడ 100 మీటర్లు 1 నిమిషం 17.33 సెకన్లలో పరుగెత్తింది. ఆపైన పుషప్స్ కూడా తీసింది.

జంక్షన్_పక్కన (వెళ్లొచ్చాక):

ఇద్దరికీ చాలా థాంక్స్. శుక్రవారమే వెళ్లాం. పెన్ మెడిసిన్‌లో దిగడం మంచిదైంది, నాన్న మోకాలు మాటే ఎత్తలేదు.

పొద్దున పదిన్నరకి కూర్చుంటే సాయంత్రం ఐదు దాకా కదల్లేదు. కింది వరసలు, చివరి మలుపు దాటాక. మొదటి అరగంట ఏమీ మాట్లాడలేదు. నాకు టెన్షన్, నచ్చలేదేమోనని. తర్వాత మొదలుపెట్టారు. "అదిగో, ఆ మూడోవాడు తల తిప్పాడు చూడు, వాడికి నమ్మకం లేదు." "బ్యాటన్ కిందనుంచి ఇవ్వాలా, పైనుంచి ఇవ్వాలా అన్నది వీళ్లు ముందే తేల్చుకోలేదు." 4×100లో బ్యాటన్ మార్చుకునే జోన్ వాళ్ల రోజుల్లో 20 మీటర్లట, ఇప్పుడు 30 చేశారట. ఇన్నేళ్లలో ఇవేవీ నాతో అనలేదు. నేనూ అడగలేదు లెండి.

ఒక హీట్‌లో మా ఎదురుగానే ఒక కుర్రాడి చేతిలోంచి బ్యాటన్ జారిపోయింది. దొర్లుకుంటూ పక్క లేన్‌లోకి పోయింది. వాడు బిత్తరపోయి అందుకోవాల్సినవాడి వైపు చూస్తున్నాడు. నాన్న లేచి నిలబడి తెలుగులో అరిచారు, "నువ్వే తియ్యాలి! నువ్వే, తియ్!" చుట్టుపక్కల వాళ్లంతా మావైపు తిరిగారు. వాడికి తెలుగు రాకపోయినా వంగి తీసుకుని పరుగెత్తాడు. చివరి స్థానమే, కానీ పూర్తి చేశారు.

మా వెనక వరసలో జమైకా పెద్దాయన ఒకరు ఫక్కున నవ్వి, "కోచ్?" అని అడిగారు. నాన్న ఇంగ్లీషులో "యెస్, రిటైర్డ్" అన్నారు. ఇక అక్కణ్ణుంచి ఇద్దరూ ఒక ప్రోగ్రాం పుస్తకం మీద పడ్డారు. నాన్న ఫోన్‌లో 2023 బుడాపెస్ట్‌లో మనవాళ్ల 4×400 హీట్ వీడియో దాచుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. 2 నిమిషాల 59.05 సెకన్లు, అమెరికా వెనకాలే రెండో స్థానం, అప్పటికి ఆసియా రికార్డు. అంత గోలలో ఇద్దరూ ఎండకి చేతులు అడ్డుపెట్టుకుని ఆ చిన్న తెర చూశారు. ఆయన మళ్లీ పెట్టమన్నారు.

మా వాడికి విసుగు రాలేదు గానీ, మధ్యాహ్నానికి చుట్టిన పేపరుని వెనక్కి చూడకుండా అందుకోవడం ఎలాగో నేర్చుకున్నాడు. రాత్రి నుంచి ఇంట్లో అదే పని.

శనివారానికి నాన్న ఒక్కరే వెళ్లారు. రైలు ఎక్కడ మారాలో చీటీ మీద రాసిచ్చాను, అక్కర్లేదన్నారు కానీ జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మంచి అల్యూమినియం బ్యాటన్లు ఇక్కడ ఎక్కడ కొంటారు? ఊళ్లో స్కూల్లో ఇంకా వెదురు ముక్కలే వాడుతున్నారట. ఎనిమిది కావాలట, లేన్‌కి ఒకటి.