అట్ట విరిగిన అరుదైన జట్టు ఫోటో తీసుకోనా, చెక్కుచెదరని మామూలు ఫోటో తీసుకోనా?

సందేహం:
అందరికీ నమస్కారం. పాత క్రికెట్ ఫోటోలు సేకరించడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒకే అమ్మకందారు దగ్గర రెండు ఫోటోలు నచ్చాయి, నా బడ్జెట్‌కి ఒక్కటే వస్తుంది. మొదటిది పేరున్న బ్యాటర్ స్టూడియోలో బ్యాట్ పట్టుకుని నిలబడ్డ క్యాబినెట్ కార్డ్, అంటే చిన్న గట్టి అట్టకు అంటించిన స్టూడియో ఫోటో. 1890ల నాటిదట. మచ్చ లేదు, అంచులు నలగలేదు. కానీ ఇలాంటివి అప్పుడప్పుడు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. రెండోది 1880ల నాటి జట్టు ఫోటో. పెద్దది, మందపాటి అట్టకు అంటించి ఉంది. అట్ట కింది మూల విరిగింది, గోధుమరంగు చుక్కలు వచ్చాయి, పై అంచున నీటి మరక ఉంది. కింద ఆటగాళ్ల పేర్లు సిరాతో రాసి ఉన్నాయి. ఈ ఫోటో నాకు ఇంకెక్కడా కనిపించలేదు. కండిషన్‌కి విలువ ఇవ్వాలా, అరుదైనదన్న దానికి ఇవ్వాలా? ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు:
నేనైతే జట్టు ఫోటో వైపే మొగ్గుతానండి. కాకపోతే కొన్ని చూసుకున్నాకే. దెబ్బ ఎక్కడ తగిలింది, అది ఇంకా పెరిగే రకమా అన్నది ముందు తేల్చుకోండి. మీరు చెప్పినవన్నీ చాలావరకు అట్టకు తగిలిన దెబ్బల్లాగే ఉన్నాయి. అప్పటి అట్టల్లో ఆమ్లం ఎక్కువ, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి మూలలు విరుగుతాయి. బొమ్మను తాకకుండా మూల పోతే, అరుదైన ఫోటోకి అది పెద్ద లోపంగా ఎవరూ చూడరు. అదే పగులు బొమ్మలోకి పాకి ఒక ముఖం మీదుగా వెళ్తే లెక్క మారిపోతుంది. ఆ మూల దగ్గర పక్కనుంచి లైటు వేసి తీసిన ఫోటో పంపమని అడగండి. ఎదురుగా తీసిన దాంట్లో కనిపించని సన్న పగుళ్లు, మడతలు అలా తీస్తే నీడ పడి బయటపడతాయి.

మరకలకన్నా నాకు ఎక్కువ భయం వెలిసిపోవడం అంటే. 1880ల జట్టు ఫోటో అంటే ఎక్కువగా ఆల్బుమెన్ ప్రింటే. పల్చని కాగితం మీద కోడిగుడ్డు తెల్లసొన పూసి చేసేవారు. 1850లో ఫ్రాన్స్‌లో బ్లాంకార్ ఎవ్రార్ ఈ పద్ధతి తెచ్చాడు, ఆ శతాబ్దం చివరి దాకా ఇదే రాజ్యమేలింది. ఇవి వెలిసేటప్పుడు ముందు లేత భాగాల్లో వివరం పోతుంది. క్రికెట్ ఫోటోలో లేత భాగాలంటే తెల్ల దుస్తులు, ముఖాలే కదా! చొక్కా గుండీలు, ప్యాడ్ల మీది నిలువు గీతలు, కళ్ల చుట్టూ నీడ విడివిడిగా కనిపిస్తున్నాయేమో భూతద్దంతో చూడండి. తెల్ల దుస్తులన్నీ కలిసి ఒకే పసుపు ముద్దలా ఉంటే మాత్రం, ప్రపంచంలో ఇదొక్కటే కాపీ అన్నా నేను తొందరపడను. చిరుగును అతికించే నిపుణులున్నారు. ఆ కాగితం మీంచి పోయిన ముఖాన్ని తిరిగి తెచ్చేవారు లేరు.

ఇక అరుదు సంగతి. మీకు కనిపించకపోవడం ఒక సూచన మాత్రమే. పాత వేలం ఫలితాలు, పెద్ద గ్రంథాలయాలు, మ్యూజియంలు ఆన్‌లైన్‌లో పెట్టిన సేకరణలు వెతకండి. ఒకటి గుర్తుంచుకోండి. బొమ్మ అరుదు కావడం వేరు, ప్రింట్ అరుదు కావడం వేరు. పాతకాలపు ఆస్ట్రేలియా బ్యాటర్ విక్టర్ ట్రంపర్ క్రీజు వదిలి ముందుకు దూకుతూ బ్యాట్ ఎత్తిన ఫోటో ఉంది చూడండి, జార్జ్ బెల్డమ్ తీసింది. ఆ బొమ్మ లెక్కలేనన్ని చోట్ల అచ్చయింది, తెలియని క్రికెట్ అభిమాని ఉండడు. అయినా ఆ రోజుల్లోనే నెగెటివ్ నుంచి తీసిన ప్రింట్ దొరకడం వేరే మాట. ఇంకోవైపు, ఎవరో తెలియని జట్ల ఫోటోలు చాలావరకు ఒక్కో కాపీయే మిగిలి ఉంటాయి, కానీ అడిగేవారుండరు. మీదానికి ఆ సిరా పేర్లే ప్రాణం. అప్పటి పత్రికల్లో వచ్చిన స్కోరు వివరాలతో ఆ పేర్లు సరిపోతున్నాయేమో చూడండి. సరిపోతే విరిగిన మూల గురించి నేనైతే రెండోసారి ఆలోచించను.

మరో సభ్యురాలు:
నాది కాస్త వేరే అభిప్రాయం. కొత్తగా మొదలుపెట్టినవారికి ఒక్కటైనా నిజంగా మంచి కండిషన్‌లో ఉన్న ప్రింట్ చేతిలో ఉండాలి. అసలు టోన్ ఎలా ఉండేదో కన్నుకి తెలిస్తేనే, వెలిసినది ఎంత వెలిసిందో అంచనా వేయగలం. ఆ క్యాబినెట్ కార్డ్ అందుకు పనికొస్తుంది. పైగా తరచూ దొరికేవాటికి కండిషనే ధర నిర్ణయిస్తుంది, రేపు మార్చుకోవాలన్నా సులువు.

ఏది తీసుకున్నా అసలుదో కాదో ముందు చూడండి. మరీ శుభ్రంగా ఉన్నదాన్నే ఎక్కువ అనుమానించాలి. భూతద్దం కింద వరసగా చుక్కలు కనిపిస్తే అది అచ్చు యంత్రం మీద వేసిన బొమ్మ. చీకట్లో అతినీలలోహిత లైటు వేస్తే కాగితం నీలి తెలుపుగా మెరుస్తోందా? తెల్లదనం కోసం కలిపే ఆ పదార్థం ఫోటో కాగితాల్లోకి 1950ల్లో వచ్చింది. మెరిస్తే 1890ల మాట మర్చిపోవచ్చు. మెరవనంత మాత్రాన పాతదని రుజువైనట్టు కాదు. క్యాబినెట్ కార్డ్ అట్ట సాధారణంగా 4.25 x 6.5 అంగుళాలు ఉంటుంది, కొలిచి చూడండి.

అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్. పెద్ద స్కాన్‌లు తెప్పించాను. పగులు బొమ్మలోకి రాలేదు. నీటి మరక కూడా అట్ట మీదే ఆగింది. కెప్టెన్‌తో సహా ముందు వరస స్పష్టంగా ఉంది, గుండీలు లెక్కపెట్టొచ్చు. వెనక వరసలో ఎడమ చివర ఇద్దరి ముఖాలు మాత్రం బాగా వెలిశాయి. ఇంకో సంగతి, కావాలంటే అట్టను అంచుల దాకా కత్తిరించి, మరకలు తుడిపించి ఇస్తామంటున్నారు. చేయించమంటారా? వార్తాపత్రికల ఫోటోలకీ ఇదే లెక్కా?

జవాబు:
దయచేసి అస్సలు కత్తిరించనివ్వకండి! ఈరోజే చెప్పండి. పేర్లు ఉన్నది ఆ అట్ట మీదే, స్టూడియో పేరు ఉంటే అదీ దాని మీదే. అట్ట పోతే మీ చేతిలో మిగిలేది ఎవరో పదకొండు మంది. తుడిపించడమూ వద్దు. ఆల్బుమెన్ పొరకు తడి తగిలితే వచ్చే నష్టం ఆ మరకకన్నా పెద్దది.

వెలిసిన ఇద్దరి గురించి: మిగతావారు అంత స్పష్టంగా ఉంటే, వీరి పేర్లు కింద చదవగలుగుతుంటే, నేను తీసుకుంటాను. ధర మాట్లాడేటప్పుడు మాత్రం మూల విరిగిందని కాకుండా ఈ ముఖాలు చూపించి తగ్గించమనండి. అసలు లోటు అక్కడే ఉంది. గోధుమ చుక్కలు తేమ తగలకపోతే సాధారణంగా పెరగవు. ముట్టుకుంటే పొడిలా రాలడం, బూజు వాసన రావడం ఉంటే మిగతా సేకరణకు దూరంగా పెట్టాలి.

పత్రికల ఫోటోలకు కొలత కొంచెం వేరు. ఎంత భాగం అచ్చు వేయాలో చూపుతూ ఎడిటర్ గీసిన క్రాప్ గీతలు, వెనక ముద్రలు, అంటించిన వార్త చీటీ ఆ ఫోటో చరిత్రలో భాగమే, చెరపకూడదు. అక్కడ ముందు చూడాల్సింది ప్రింట్ రకం. అసలు నెగెటివ్ నుంచి, ఫోటో తీసిన సుమారు రెండేళ్లలోపు తీసిన ప్రింట్‌ని టైప్ 1 అంటారు. వైర్ ద్వారా, అంటే టెలిఫోన్ తీగల మీద దూరం నుంచి పంపగా వచ్చిన బొమ్మ నుంచి అదే కాలంలో తీసినది టైప్ 3. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ వైర్‌ఫోటో సర్వీసు 1935 జనవరి 1న మొదలైంది కాబట్టి ఆ తర్వాతి వాటిలో ఈ తేడా బాగా గమనించాలి. కాస్త నలిగిన టైప్ 1ని, మెరిసిపోతున్న టైప్ 3కన్నా నేను ఎప్పుడూ ముందు పెడతాను.

అడిగినవారు:
అట్ట ముట్టుకోవద్దని చెప్పేశాను, ఒప్పుకున్నారు. పేర్లలో ఎక్కువ భాగం పాత స్కోరు వివరాల్లోనూ దొరికాయి. జట్టు ఫోటోనే తీసుకుంటున్నాను. పంపేటప్పుడు ఏం చెప్పాలి?

మరో సభ్యురాలు:
మంచి నిర్ణయమండి, పేర్లు దొరికాయంటే నేనూ మీవైపే. ఫోటోకన్నా నాలుగు వైపులా పెద్దగా ఉన్న గట్టి బోర్డులు రెండు తీసుకుని మధ్యలో పెట్టమనండి, పెళుసు అట్ట దారిలో వంగితే సగానికి విరుగుతుంది. విరిగిన ముక్క ఉంటే దాన్నీ విడిగా కవర్లో పంపమనండి. టేపు ఫోటోకి గానీ అట్టకి గానీ తగలకూడదు. వచ్చాక పీవీసీ కవర్లో పెట్టకండి, పాలిఎస్టర్ స్లీవ్ వాడండి. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండే చోట, వెలుతురు పడకుండా, అడ్డంగా పడుకోబెట్టి దాచండి. గోడకి తగిలించాలనిపిస్తే స్కాన్ తీసి ఆ కాపీకి ఫ్రేమ్ కట్టించండి.