ఇథనాలుకు వెళ్లే మొక్కజొన్నకు సబ్సిడీ యూరియా ఇవ్వడం సరైనదేనా?

లెక్కల మాస్టారు:
పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపాలన్న లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నాం. మొదట్లో చెరకు మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) మీద నడిచిన ఈ పథకానికి ఇప్పుడు మొక్కజొన్నే ప్రధాన ముడిసరుకు. తిండి గింజను ఇంధనం చేయవచ్చా అన్న వాదన చాలాచోట్ల జరుగుతోంది. ఆ పంటకు వేసే నత్రజని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నేను దాన్నే చర్చకు పెడుతున్నాను.

రబీ మొక్కజొన్నకు ఎకరాకు 80 కిలోల నత్రజని అనుకుందాం. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి అది 174 కిలోల యూరియాతో సమానం, అంటే దాదాపు నాలుగు బస్తాలు. దిగుబడి 30 క్వింటాళ్లు అయితే, టన్నుకు 380 లీటర్ల చొప్పున 1,140 లీటర్ల ఇథనాలు వస్తుంది. లీటరుకు 150 గ్రాముల యూరియా పడుతోందన్నమాట. కిలో యూరియా తయారీకి మన కర్మాగారాల్లో సుమారు 24 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు ఇథనాలులో ఉన్న శక్తి 21 మెగాజౌళ్లు. అందులో ఆరో వంతు యూరియాకే పోయింది. దుక్కి, మోటార్లు, డిస్టిలరీలో కాచే ఆవిరి ఇంకా లెక్కలోకి రానేలేదు.

యూరియాకు వాడే సహజవాయువులో అత్యధిక భాగం విదేశాల నుంచి ఓడల్లో వస్తోంది. చమురు దిగుమతి తగ్గించుకోవడానికి గ్యాస్ దిగుమతి పెంచుకోవడం నాకు సమ్మతం కాదు. 2025 వానాకాలంలో తెలంగాణలో రైతులు సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి యూరియా కోసం కాచుకున్నారు. అంత కొరత ఉన్నప్పుడు బండ్లలో కాల్చే పంటకు 266 రూపాయల 50 పైసల బస్తా ఇవ్వకూడదని నా వాదన.

ఖమ్మం రైతు:
మాస్టారూ, ఆ వరుసలో నేనూ నిలబడ్డాను. నేను వేసేది ఇథనాలు పంట అని ఎవరు తేల్చారు? నేను మొక్కజొన్న వేస్తాను, వ్యాపారి కల్లంలోనే కాటా వేసుకుని తీసుకుపోతాడు. అది కోళ్ల దాణాకు వెళ్తుందో, స్టార్చ్ ఫ్యాక్టరీకి వెళ్తుందో, డిస్టిలరీకి వెళ్తుందో నాకు తెలియదు. చాలాసార్లు ఆ వ్యాపారికీ తెలియదు. మరి నా బస్తాకు ఏ ధర వేస్తారు?

ఇంకో మాట. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. వానాకాలం పంట మార్కెట్‌కు వచ్చేసరికి చాలా యార్డుల్లో అంతకన్నా తక్కువకే అడిగారు. ఇథనాలు వల్ల గిరాకీ పెరిగిందని మాతో మొక్కజొన్న వేయించారు. ధర పడిపోయినప్పుడు ఆదుకున్నవారు లేరు. ఇప్పుడు యూరియా కూడా తీసేయమంటే, దేశ ఇంధన విధానం ఖర్చంతా నా ఎకరం మీద రాసినట్టే.

నేలపరీక్ష:
నేను భూసార పరీక్షల పనిలో ఉన్నవాడిని. మాస్టారు గారు ఆ 80 కిలోల నత్రజనిని పూర్తిగా ఇథనాలు ఖాతాలో రాశారు. రసాయనశాస్త్రం దానికి ఒప్పుకోదు. ఇథనాలులో ఉండేవి కర్బనం, ఉదజని, ప్రాణవాయువు మాత్రమే. నత్రజని, భాస్వరం, పొటాష్ ఏవీ అందులో ఉండవు. డిస్టిలరీ వాడుకునేది గింజలోని పిండిని. ఆ పిండిలోని కర్బనం గాలి నుంచి వచ్చింది, సంచి నుంచి కాదు.

మరి నత్రజని ఎక్కడికి పోతుంది? మూడు టన్నుల గింజల్లో ఉండేది సుమారు 43 కిలోలు. పులియబెట్టి ఇథనాలు తీశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి డీడీజీఎస్ అనే దాణాగా అమ్ముతారు. గింజల బరువులో అది దాదాపు 30 శాతం ఉంటుంది, దానిలో మాంసకృత్తులు 28 శాతం దాకా ఉంటాయి. మాంసకృత్తుల బరువులో దాదాపు ఆరో వంతు నత్రజనే. లెక్క కట్టండి, సుమారు 40 కిలోల నత్రజని అక్కడే దొరుకుతుంది. సోయా చెక్కతో పోటీ పడి అమ్ముడవుతున్న దాణా అది. సోయా మిల్లుల వాళ్లు ధర పడిపోయిందని గోల పెట్టింది దీనివల్లే.

అసలు గొడవ మిగతా సగంతో. కొంత చొప్పలో, వేళ్లలో ఉంటుంది. కొంత తడి నేల మీద చల్లిన యూరియా నుంచి అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేట్‌గా కిందికి దిగిపోతుంది. ఈ నష్టం గింజ ఎక్కడికి వెళ్లినా ఒకటే. కోళ్లకు పెట్టినా, పేలాలు వేయించుకుని తిన్నా అంతే పోతుంది. అందుకని ఎరువు వేసే పద్ధతి మారాలి. విత్తేటప్పుడు ఒక వంతు, మోకాలెత్తు దశలో ఒక వంతు, పూత దశలో ఒక వంతు వేయాలి. మొక్క పక్కన గుంట తీసి వేసి మట్టి కప్పాలి. కోస్తాలో వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేసే రైతులు కొందరు ఇలా చేతితో మొక్కమొక్కకూ వేస్తారు. కూలీ ఖర్చు ఎక్కువే. కానీ దిగుబడి చూసినవాళ్లు వదలరు.

ఇథనాలుకే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. నత్రజని మోతాదు పెరిగేకొద్దీ గింజలో మాంసకృత్తులు పెరిగి పిండి శాతం కొంచెం తగ్గుతుంది. డిస్టిలరీకి కావలసింది పిండి. కాబట్టి దిగుబడి పెంచలేని ఆ చివరి బస్తా డిస్టిలరీకి అమ్మే రైతుకు శుద్ధ దండుగ. ఏ ఎకరంలో ఎక్కడ ఆగాలో భూసార పరీక్ష, ఆకు రంగు పట్టిక చెబుతాయి.

కోళ్లదాణా:
డీడీజీఎస్ గురించి ఒక హెచ్చరిక. గింజలో బూజు విషం ఉంటే పిప్పిలో అది మూడింతలు చిక్కబడుతుంది. అందుకే మేము కొలతకు మించి కలపము. నత్రజని దాణాలోకి వచ్చిందనగానే లెక్క సరిపోదు, తినగలిగే దాణాగా రావాలి. కోళ్ల ఎరువు చివరికి మిర్చి, కూరగాయల చేలకు వెళ్తుందన్నది నిజం. అయితే అది యూరియా తీసుకున్న చేనికే తిరిగి రాదు.

అయోవా తెలుగు:
నేను ఉంటున్నది అమెరికాలో మొక్కజొన్నకు పేరుపడ్డ రాష్ట్రంలో. ఈ దేశంలో పండే మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇథనాలు కర్మాగారాలకు వెళ్తుంది. ఇక్కడి రైతులు సోయాతో పంట మార్పిడి చేస్తారు, భూసార పరీక్షలు చేయిస్తారు, యంత్రంతో అమ్మోనియాను నేల లోపలికే పంపుతారు. నేలపరీక్ష గారు చెప్పిన జాగ్రత్తల్లో చాలావాటిని పాటిస్తున్నారు. అయినా 2025 జూన్‌లో డెమోయిన్ నగర ప్రాంతంలో నదుల్లో నైట్రేట్ ఎక్కువై, నీటిశుద్ధి కేంద్రాలు తట్టుకోలేక, పచ్చికకు నీళ్లు పెట్టడాన్ని నిషేధించారు. ఇక్కడి చేల నుంచి కొట్టుకుపోయిన నత్రజని మిసిసిపీ గుండా మెక్సికో సింధుశాఖకు చేరి, అక్కడ ఏటా చేపలు బతకలేని ప్రాంతాన్ని తయారు చేస్తోంది.

2022లో ఇక్కడ ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఇథనాలును తప్పనిసరి చేసిన చట్టం వల్ల మొక్కజొన్న ధర 30 శాతం పెరిగిందని, దేశం మొత్తం ఎరువుల వాడకం 3 నుంచి 8 శాతం పెరిగిందని తేల్చారు. వ్యవసాయ శాఖ, ఇథనాలు పరిశ్రమ దాన్ని ఒప్పుకోలేదు, వాదన ఇంకా నడుస్తోంది. ధర పెరిగితే రైతు ఇంకో బస్తా వేస్తాడు, పంట మార్పిడి మానేసి మళ్లీ మొక్కజొన్నే వేస్తాడు. దీన్ని పొలంలో జాగ్రత్తలు ఆపలేవు. ఖమ్మం రైతు గారూ, మీ దగ్గర అపరాలు తీసేసి మొక్కజొన్న వేసిన ఎకరాలు ఎన్నో మీకే తెలియాలి.

మెట్ట సేద్యం:
మొక్కజొన్న ఒక్కటే దారి కాదు. పటాన్‌చెరులోని మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సాయంతో 2007లో సంగారెడ్డి దగ్గర తీపి జొన్న కాడల రసంతో ఇథనాలు తీశారు. తీపి జొన్నకు మొక్కజొన్న కన్నా తక్కువ నత్రజని చాలు, గింజ మన తిండికి మిగులుతుంది. కోసిన కాడను వెంటనే గానుగ ఆడించకపోతే చక్కెర చెడుతుంది, ఆ చిక్కు వల్ల ముందుకు సాగలేదు. బ్రెజిల్‌లో చెరకు డిస్టిలరీల వ్యర్థ జలాన్ని మళ్లీ చెరకు తోటలకే పారిస్తారు, అందులో పొటాష్ పుష్కలంగా ఉంటుంది. మన దగ్గరా మొలాసిస్ డిస్టిలరీల బూడిద నుంచి తీసిన పొటాష్‌ను 2021లో ఎరువుల సబ్సిడీ పథకంలో చేర్చారు. పొటాష్ మొత్తం దిగుమతి చేసుకునే దేశానికి ఇది చిన్న విషయం కాదు.

లెక్కల మాస్టారు:
నేలపరీక్ష గారి వివరణ విలువైనది. నత్రజనిలో సగాన్ని దాణా ఖాతాకు మార్చినా వాతావరణం లెక్క నన్ను వదలడం లేదు. వేసిన నత్రజనిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని అంతర్జాతీయ లెక్క. బొగ్గుపులుసు వాయువు కన్నా అది 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఆ వాయువులోని ప్రాణవాయువు బరువునూ కలిపితే, మన 80 కిలోలకు లీటరు ఇథనాలు మీద బొగ్గుపులుసు వాయువు లెక్కన 300 గ్రాముల కాలుష్యం పడుతుంది. లీటరు ఇథనాలు తప్పించే పెట్రోలు పొగ కిలోన్నర. అంటే ఐదో వంతు. నోబెల్ గ్రహీత పాల్ క్రుట్జెన్ బృందం 2008లో ఆ ఒక శాతాన్ని 3 నుంచి 5 శాతంగా అంచనా వేసింది. అదే నిజమైతే లాభంలో సగానికి పైగా, పై అంచున మొత్తం పోతుంది.

రైతు గారి ప్రశ్నకు నా జవాబు ఇది. బస్తా ధర రైతు దగ్గర మార్చవద్దు. చమురు కంపెనీలు మొక్కజొన్న ఇథనాలుకు లీటరుకు 71 రూపాయల 86 పైసలు ఇస్తున్నాయి. యూరియా సబ్సిడీ భారాన్ని లీటరుకు ఇంత అని కట్టి డిస్టిలరీ దగ్గర వసూలు చేయాలి. ఏ గింజ ఎక్కడికి వెళ్లిందో గేటు దగ్గర తెలుస్తుంది కదా.

ఖమ్మం రైతు:
డిస్టిలరీ దగ్గర వసూలు చేస్తే మర్నాడే మా క్వింటాలు ధరలో కోస్తారు మాస్టారూ. మద్దతు ధరకు కొంటే లీటరుకు గింజ ఖర్చే 63 రూపాయలు అవుతుందని వాళ్లు ఇప్పటికే అంటున్నారు. మీరు చెప్పినట్టే చేయండి, కాకపోతే ముందు ఒక షరతు పెట్టండి. డిస్టిలరీ విత్తకముందే రైతుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి, మద్దతు ధరకు తగ్గకుండా కొనాలి, భూసార పరీక్ష తన ఖర్చుతో చేయించాలి. అప్పుడు ఆ చివరి బస్తా నేనే మానేస్తాను. అయోవా గారూ, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. మా ఊళ్లో పెసర, కంది వేసే చేలు బాగా తగ్గాయి. క్వింటాలుకు గిట్టే ధర వస్తే మళ్లీ వేస్తాం.